తేనె గదిలోంచి ఈగల్ని దించడం: ఇంట్లో చేసుకునే ఎస్కేప్ బోర్డు కథా కమామిషు

పొద్దున్నే తేనె పెట్టె దగ్గరికి వెళ్లి, పై గది పక్క పలక మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టి వినండి. లోపల ఈగలుంటే ఒక్కసారిగా రొద లేచి, రెండు మూడు సెకన్లలో అణిగిపోతుంది. ఈగలు లేకపోతే బరువైన చెక్క చప్పుడు మాత్రమే వస్తుంది. తేనె నిండిన గదిలోంచి ఆ ఉత్త చెక్క చప్పుడు విన్న రోజు నాకు పండగే. ఆ రోజు ఈగల్ని దులపక్కర్లేదు, ఊదక్కర్లేదు, పొగతో ఉక్కిరిబిక్కిరి చెయ్యక్కర్లేదు. మూత తీసి, గదిని ఎత్తి బండిలో పెట్టుకోవడమే.

తేనెటీగలు పెంచేవాళ్లు నలుగురు కలిస్తే, తేనె గదిలోంచి ఈగల్ని ఎలా దించాలన్న దాని మీద వాదన తప్పదు. ఒకరు బ్రష్ చాలంటారు. ఒకరు బ్లోయర్ లేకపోతే పని తెమలదంటారు. ఇంకొకరు ఎస్కేప్ బోర్డు, అంటే ఈగల్ని కిందికి దిగనిచ్చి పైకి ఎక్కనివ్వని పలక, పెట్టి హాయిగా పడుకోమంటారు. పక్కనున్నాయన అదే బోర్డు పెట్టి రెండు రోజులు కాచుకున్నా ఈగలు దిగలేదంటాడు. నలుగురూ చెప్పేది నిజమే. వాళ్ల పెట్టెలు వేరు, ఈగ జాతి వేరు, ఊళ్లో ఎండ వేరు, పెట్టెల దగ్గరికి వెళ్లి రావడానికి పట్టే దూరం వేరు. ఇవి చెప్పకుండా ఏ పరికరం మంచిదని అడిగితే జవాబు ఎవరికి వారిదే అవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. ఐరోపా జాతి ఈగల్ని సూపర్లు (పైన పెట్టే తేనె గదులు) పెట్టి పెంచుతూ, పెట్టెలు ఇంటికి దగ్గరలో ఉన్నవాళ్లకు ఇంట్లో చేసుకున్న ముక్కోణపు జాలీ బోర్డును మించింది లేదు. అయితే మన ఎండల్లో దానికి ఒక షరతుంది. ఆ షరతు పాటించడం కుదరనివాళ్లు బ్రష్‌తోనే ఉండటం మేలు. ఎందుకో చెప్పాలంటే ముందు పెట్టె లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఈగ ఎందుకు దిగుతుంది, మళ్లీ ఎందుకు ఎక్కలేదు

ఈ పనికి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పెట్టెలో కింది అంతస్తు పిల్లల గది. రాణి అక్కడే గుడ్లు పెడుతుంది, పిల్లలు అక్కడే పెరుగుతాయి. దాని మీద పెట్టే అంతస్తు తేనె గది. పెంపకందారులు దాన్ని సూపర్ అంటారు. ఈగకు పిల్లల గది ఇల్లయితే సూపర్ గాదె లాంటిది. పొలం నుంచి మకరందం తెచ్చిన ఈగ దాన్ని లోపలి ఈగకు అందిస్తుంది. లోపలి ఈగ దాన్ని పైకి తీసుకెళ్లి గడుల్లో పోసి, రెక్కలతో విసిరి తేమ ఆరబెట్టి, మైనంతో మూత వేస్తుంది. పని ఉన్నంతసేపూ పైన ఉంటుంది. కానీ దాని మనసంతా కింద రాణి వాసన మీద, పిల్లల మీద ఉంటుంది. సాయంత్రం చల్లబడ్డాక చాలా ఈగలు పిల్లల్ని వెచ్చగా ఉంచడానికి కిందికి దిగుతాయి.

అంటే పై గది రాత్రికి సగం ఎలాగూ ఖాళీ అవుతుంది. తెల్లారాక మళ్లీ ఎక్కుతాయి, అదే సమస్య. దిగే దారి తెరిచి ఉంచి, ఎక్కే దారి దొరకకుండా చేస్తే చాలు, మిగతా పని ఈగలే చేసుకుంటాయి. ఎస్కేప్ బోర్డుల రకాలన్నీ ఈ ఒక్క ఆలోచన మీద పుట్టినవే.

ఎక్కే దారి ఎందుకు దొరకదన్నది నాకు చాలా కాలం అర్థం కాలేదు. ఈగ దిగిన కంతలోంచే మళ్లీ ఎక్కొచ్చు కదా! ఒకసారి బోర్డు కింద ఖాళీ గది పెట్టి, దాని ఒక పక్క పలక తీసి అద్దం బిగించాను. అద్దం మీద నల్లగుడ్డ కప్పి, రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చి వేసి చూశాను. ఈగ కంటికి ఎరుపు రంగు ఆనదు కాబట్టి ఆ వెలుతురుకు అవి బెదరవు. పై నుంచి వచ్చిన ఈగలు జాలీ లోపల నెమ్మదిగా తచ్చాడి, తచ్చాడి, మూల దగ్గర సందు తగలగానే తల దూర్చి బయటపడ్డాయి. కింది నుంచి పైకి వెళ్దామనుకున్నవి మాత్రం ఆ మూలల వైపు చూడనేలేదు. బోర్డు నడి మధ్యలో, పెద్ద కంతకు సరిగ్గా కింద, జాలీకి వేలాడుతూ గుంపు కట్టాయి. పైనున్న తేనె వాసన జాలీ గుండా అక్కడే గుప్పుమంటుంది మరి. చీకట్లో ఈగకు దారి చూపేది వాసన. వాసన ఉన్నచోట జాలీ అడ్డం ఉంది, తెరిచి ఉన్నచోట వాసన లేదు. ఒక ఈగ జాలీ కన్నంలోంచి కొమ్ములు పైకి పెట్టి అలాగే నిలబడిపోయింది. నేను టార్చి ఆపేదాకా అది కదలలేదు.

ఈ కిటుకు ఎక్కువ రోజులు పనిచేయదు. రెండు రోజులు దాటితే కొన్ని ఈగలు సందు కనిపెడతాయి, వాటి వెనక మిగతావి ఎక్కేస్తాయి. బోర్డు పెట్టి వారానికి వెళ్లి, పై గది నిండా ఈగలున్నాయని దాన్ని తిట్టుకుంటే ఆ తప్పు బోర్డుది కాదు.

స్ప్రింగు నుంచి జాలీకి

అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే తేనెటీగల పెంపకందారు 1851లో ఒక సంగతి గమనించాడు. 6 నుంచి 9 మిల్లీమీటర్ల ఖాళీని ఈగలు నడిచే దారిగా వదిలేస్తాయి. అంతకన్నా ఇరుకైతే జిగురుతో పూడ్చేస్తాయి, వెడల్పైతే పట్టు కట్టేస్తాయి. విడిగా ఎత్తగలిగే ఫ్రేములు (ఈగలు పట్టు కట్టే చెక్క చట్రాలు), ఒకదాని మీద ఒకటి పేర్చే గదులు ఆ గమనింపు వల్లే సాధ్యమయ్యాయి. తేనె గది వేరయ్యాక దాన్ని ఈగల్లేకుండా ఎత్తడం ఎలాగన్న ప్రశ్న వచ్చింది. 1891లో అదే దేశంలో పోర్టర్ ఎస్కేప్ వచ్చింది. చిన్న రేకు డబ్బీ, అందులో ఎదురెదురుగా రెండు సన్నని స్ప్రింగు బద్దలు. ఈగ వాటిని తోసుకుని బయటికి వెళ్తుంది, అవి వెనకే మూసుకుంటాయి. తెలివైన పరికరమే, ఇప్పటికీ దొరుకుతుంది.

కానీ అది ఒక్కో ఈగను పంపే గేటు. ఒళ్లు లావున్న పోతుటీగ ఒకటి ఇరుక్కుని చచ్చిందంటే వెనకున్న వేల ఈగలు ఆగిపోతాయి. ఐరోపా జాతి ఈగలు ప్రొపోలిస్ అనే చెట్ల జిగురు తెచ్చి ఆ స్ప్రింగుల్ని అంటించేస్తాయి. అన్నీ బాగున్నా గది ఖాళీ కావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. స్ప్రింగు బద్దల మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లకు సరిచేసుకోవడం చిన్న పనేం కాదు. దీన్ని ఇంట్లో చేయబోయి రేకులు కత్తిరించుకుంటూ కూర్చోవడం నా దృష్టిలో వృథా.

కదిలే భాగాలు లేని బోర్డులు అందుకే వచ్చాయి. ఒకదాంట్లో డైమండ్ ఆకారంలో ప్లాస్టిక్ దారులుంటాయి. ఒకదాంట్లో జాలీతో చుట్టిన శంకువులుంటాయి. మరొకదాంట్లో ఒక ముక్కోణంలో ఇంకో ముక్కోణం ఉంటుంది. కెనడాలోని క్యుబెక్ పేరుతో పిలిచే ఈ మూడో రకం వడ్రంగి పని కొంచెం తెలిసిన ఎవరైనా ఒక మధ్యాహ్నంలో చేసుకోవచ్చు.

చేసే పద్ధతి

పది ఫ్రేముల లాంగ్‌స్ట్రాత్ పెట్టె బయటి కొలత 50.5 సెంటీమీటర్ల పొడవు, 41.3 సెంటీమీటర్ల వెడల్పు. పుస్తకంలో కొలత ఇది. మన దగ్గర వడ్రంగి చేసిన పెట్టెలు అర సెంటీమీటరు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి టేపు పెట్టి మీ పెట్టెనే కొలుచుకోండి. ఆ కొలతకు 9 లేదా 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క కోయించండి. కొత్త ప్లైవుడ్‌కు ఘాటైన వాసన ఉంటుంది, వారం పది రోజులు నీడలో ఆరనివ్వండి. చెదల మందు కొట్టిన చెక్క మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. అది ఈగల్నీ చంపుతుంది.

పలక నడి మధ్యలో 10 సెంటీమీటర్ల అడ్డకొలతతో గుండ్రటి కంత కోయండి. పైవైపు అంచుల చుట్టూ 9 మిల్లీమీటర్ల మందమున్న బద్దలు కొట్టండి. కిందివైపు అంచుల చుట్టూ 20 మిల్లీమీటర్ల మందమున్నవి కావాలి. జాలీ నిర్మాణం అంతా అటే వస్తుంది కనుక చోటు ఎక్కువ అవసరం.

ఇప్పుడు పలకను తిరగేసి, కంత చుట్టూ 20 సెంటీమీటర్ల భుజంతో సమానమైన ముక్కోణం గీయండి. దాని చుట్టూ అదే దిక్కున 32 సెంటీమీటర్ల భుజంతో ఇంకొకటి. పెద్ద ముక్కోణం మొన పలక పొడవు వైపు ఉండాలి, వెడల్పు వైపు పెడితే మొన అంచు బద్దకు ఆనిపోతుంది. ఆ గీతల మీద 9 మిల్లీమీటర్ల మందమున్న సన్న బద్దలు బిగించండి. మూలల దగ్గర బద్దలు కలవకూడదు. ప్రతి మూలలో 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. అంటే లోపలి ముక్కోణానికి మూడు సందులు, బయటిదానికి మూడు. బద్దలన్నిటి మీద స్టీలు జాలీ పరిచి స్టేప్లర్‌తో కొట్టి, పెద్ద ముక్కోణం అంచున కత్తిరించండి. జాలీ కన్నం 3 మిల్లీమీటర్లు మించకూడదు. దోమల స్టీలు జాలీ కూడా పనికొస్తుంది. నైలాన్ దోమతెర పెట్టకండి, అది సాగి కిందికి జారుతుంది, ఈగలు కొరికేస్తాయి కూడా.

ఈగ ప్రయాణం ఇలా ఉంటుంది: కంతలోంచి లోపలి ముక్కోణంలోకి, దాని మూల సందులోంచి రెండు ముక్కోణాల మధ్య నడవలోకి, బయటి మూల సందులోంచి కింది గదిలోకి. బయటి సందు కంత నడిమధ్య నుంచి పద్దెనిమిది సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. ఆ దూరమే ఈ బోర్డుకు ప్రాణం. జాగా చాలదని ముక్కోణాన్ని చిన్నది చేస్తే తేనె వాసన మూలల దాకా వస్తుంది, ఈగలు రాత్రికి రాత్రే తిరుగు దారి కనిపెడతాయి.

చివరగా పైవైపున పెయింటుతో పెద్దగా ‘పైన’ అని రాయండి. నవ్వకండి, దీన్ని తిరగేసి పెట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు. జాలీ వైపు పైకి పెడితే బోర్డు ఎంత బాగా కుదిరితే అంత శ్రద్ధగా కింది ఈగల్ని పై గదిలోకి ఎక్కిస్తుంది.

పెట్టేటప్పుడు వరుస ఇది. అడుగున పిల్లల గది, రాణి పైకి ఎక్కకుండా ఆపే రాణి జాలీ వాడుతుంటే దాని మీద అది, ఆ పైన ఖాళీ ఫ్రేములున్న ఒక సూపర్, దాని మీద బోర్డు, అన్నిటికన్నా పైన తేనె నిండిన గది, మూత. మధ్యలో ఆ ఖాళీ సూపర్‌ను చాలామంది పెట్టరు. పై గదిలోని వేల ఈగలు దిగి ఎక్కడుంటాయి? చోటు లేకపోతే దిగవు. దిగినా ఉక్కపోతకు ద్వారం బయట గడ్డంలా వేలాడతాయి.

ఇంకో లాభం బోర్డు వాడాకే తెలిసింది. గదుల మధ్య ఈగలు కట్టిన అడ్డ పట్లు, గదిని ఎత్తగానే తెగి తేనె కారుతుంది. బ్రష్‌తో అప్పటికప్పుడు తీసేటప్పుడు ఆ కారే తేనెకే చుట్టుపక్కల పెట్టెల ఈగలు ఎగబడతాయి. బోర్డు పెట్టేటప్పుడు తెగిన పట్ల తేనెను రాత్రికి ఈగలే నాకేసి శుభ్రం చేస్తాయి. పొద్దున గది పొడిగా చేతికొస్తుంది.

ఎండ షరతు

బోర్డు పెట్టగానే పై గది ఒంటరిదవుతుంది. అంతవరకు ఈగలు రెక్కలతో విసురుతూ, నీళ్లు తెచ్చి చల్లుతూ దాన్ని చల్లగా ఉంచాయి. ఇప్పుడు విసిరేవాళ్లు లేరు. మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది కానీ దానికి చాలా ముందే మెత్తబడి బలం పోతుంది. ఏప్రిల్ ఎండలో రేకు మూత కింద, తేనె బరువు మోస్తున్న పట్టుకు ఆ మెత్తదనం చాలు.

ఒక ఏడాది పొద్దుతిరుగుడు పూత అయిపోయాక నాలుగు పెట్టెల మీద బోర్డులు పెట్టి, మర్నాడు పొద్దున రాలేక సాయంత్రం వచ్చాను. చెట్టు నీడలో ఉన్న మూడూ బాగున్నాయి. ఎండలో ఉన్న నాలుగోదానికి మూత తీస్తే ఫ్రేముల పైబద్దలు తప్ప ఏమీ కనబడలేదు. ఆరు పట్లు ఊడి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తేనె కంతలోంచి జాలీ మీదికి, అక్కడి నుంచి పిల్లల గదిలోకి కారింది. ఈగలు తేనెలో మునిగి జాలీకి అంటుకుపోయి ఉన్నాయి. కొన్నిటికి ఇంకా కాళ్లు కదులుతున్నాయి. వాటిని నీళ్ల పళ్లెంలో వేసి కడిగి తీసినా బతికింది కొద్దే.

అప్పటి నుంచి నా లెక్క మారింది. వేసవిలో బోర్డు సాయంత్రం ఐదు దాటాక పెడతాను, మర్నాడు ఎనిమిదిలోపు గది ఎత్తేస్తాను. ముక్కోణపు జాలీ బోర్డుకు ఆ రాత్రి చాలు. పదీ ఇరవై ఈగలు మిగిలితే బ్రష్‌తో దులుపుతాను. స్ప్రింగు ఎస్కేప్‌కు రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు కావాలి. మన వేసవికి అది సరిపడదని నేననేది ఆ పగటి వల్లే. మర్నాడు పొద్దున కచ్చితంగా రాగలను అనుకున్నప్పుడే బోర్డు పెట్టండి. పెట్టెలు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే, రాకపోకలకు బండి దొరుకుతుందో లేదో తెలియకపోతే బోర్డు జోలికి పోవద్దు.

అరకు వైపు వలిసెలు పూసే రోజుల్లో ఈ బాధ లేదు, చల్లటి రాత్రులు బోర్డుకు కలిసొస్తాయి. తీర ప్రాంతంలో మాత్రం ఎండతో పాటు గాలిలో తేమ కూడా ఉంది. ఈగలు కాపలా లేని గదిలో మూత వేయని గడుల తేనె తేమ పీల్చుకుంటుంది. తేనెలో తేమ 20 శాతం మించకూడదన్నది మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం. మూడొంతుల గడులకు మూత పడ్డాకే గది దించడం, దించాక ఆలస్యం చేయకపోవడం అందుకే.

దిగలేదంటే ఎక్కడ చూడాలి

పొద్దున తడితే రొద వినిపిస్తే ముందు సూపర్‌లో పిల్లలున్నాయేమో చూడండి. రాణి ఒక్కరోజు పైకెక్కి అరచేతి మేర గుడ్లు పెట్టినా చాలు, వాటిని పెంచే ఈగలు ఏ బోర్డుకూ లొంగవు. పిల్లల్ని వదిలి అవి వెళ్లవు. ఆ ఫ్రేము ఒక్కటీ తీసి కింద పెట్టి మళ్లీ ప్రయత్నించాలి. రాణే పైన చిక్కుకుంటే ఈగలు దిగకపోగా కింద రాణి లేదన్న కలవరం మొదలవుతుంది.

తర్వాత చూడాల్సింది సందులు. చెక్క వంకర పోయిన మూల, మూతలో గాలి కోసం పెట్టిన కన్నం, గదుల మధ్య చీపురుపుల్ల పట్టే ఖాళీ. కాపలా ఈగలు లేని గది అది. బయటి ఈగలకు దారి దొరికితే పగలంతా దోచుకుపోతాయి. సాయంత్రం ఎత్తినప్పుడు గది తేలిగ్గా రావడం, అడుగున గోధుమపిండిలా మైనపు పొడి రాలి ఉండటం దోపిడీకి గుర్తు. నేను సందుల మీద కాగితపు టేపు అంటిస్తాను. చీమలకు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఎలాగూ ఉండాలి. కాపలా లేని పట్టును మైనపు పురుగు కూడా కనిపెట్టి ఉంటుంది, ఖాళీ అయిన గదిని రోజుల తరబడి అలాగే ఉంచవద్దు.

బరువు సంగతి కూడా మరిచిపోవద్దు. నిండిన నడిపాటి సూపర్ పాతిక కిలోల దాకా ఉంటుంది, పెద్ద గది అయితే 35 కిలోలు దాటుతుంది. బోర్డుకు దాన్ని రెండుసార్లు ఎత్తాలి, ఒకసారి పెట్టడానికి, ఒకసారి తీయడానికి. నడుము నొప్పి ఉన్నవాళ్లు తోడు లేకుండా ఈ పద్ధతికి దిగకూడదు. ఫ్రేము తర్వాత ఫ్రేము తీసి దులపడమే వాళ్లకు నయం.

బ్రష్, బ్లోయర్, మందులు

బ్రష్‌ను తక్కువ చేసి చూడటం నాకు నచ్చదు. ఐదు పెట్టెల లోపు ఉన్నవాళ్లకు అది చాలు. ఫ్రేమును రెండు చేతులతో పట్టి ఒక్క కుదుపు కుదిపితే ముప్పాతిక ఈగలు పెట్టె ముందు రాలిపోతాయి, మిగిలినవాటిని బ్రష్‌తో కింది నుంచి పైకి దులపాలి. పై నుంచి కిందికి దులిపితే ఈగ కాళ్లు గడుల్లో చిక్కుకుని కోపం తెచ్చుకుంటుంది. నల్లటి జంతువుల వెంట్రుకలతో చేసిన బ్రష్ వద్దు, ఎలుగుబంటి మీద పడ్డట్టే దాని మీద పడతాయి. తెల్లటి మెత్తని నైలాన్ బ్రష్ కానీ, గుప్పెడు పచ్చగడ్డి కట్ట కానీ వాడండి. తేనె అంటి బంకగా మారితే వెంటనే నీళ్లలో కడగాలి. ఒక ఈగ నలిగినా, కుట్టినా మాగిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. అది మిగతావాటికి యుద్ధ భేరి. ఆ వాసన తగిలితే కొంచెం పొగ పట్టి, పది నిమిషాలు ఆగండి.

పొగతోనే గది ఖాళీ చేయిద్దామని చూసేవాళ్లున్నారు. పొగ తగలగానే ఈగ మొదట చేసే పని తేనె గడుల్లో తల దూర్చి పొట్ట నింపుకోవడం. అంటే మనం తీయాలనుకున్న తేనెనే తాగిస్తున్నాం. పైగా తేనెకు పొగ కంపు అంటుతుంది.

బ్లోయర్ పెద్ద సంఖ్యలో పెట్టెలున్నవాళ్ల పరికరం. గదిని స్టాండు మీద నిలువుగా పెట్టి ఫ్రేముల సందుల్లోంచి గాలి కొడితే ఈగలు పెట్టె ముందుకు ఎగిరిపడతాయి. వాటికి పెద్దగా దెబ్బ తగలదు, ఎండ ఎక్కాక చేస్తే ఎగిరి ఇంటికి చేరతాయి. కావాల్సింది ఎక్కువ గాలి, పదునైన గాలి కాదు. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి బయటికి వచ్చే వైపు తగిలించి వాడుకునేవాళ్లున్నారు. కంప్యూటర్లు, ఏసీలు శుభ్రం చేసే చేతి బ్లోయర్ గది మొత్తానికి చాలదు కానీ, ఒక్కో ఫ్రేముకు పనికొస్తుంది. కరెంటు లేని పొలంలో అదీ కుదరదు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో ప్రతి రైతు ఇంట్లో మూలన పత్తికో మిరపకో మందు కొట్టిన పవర్ స్ప్రేయర్ ఉంటుంది. వీపుకు తగిలించుకుని గాలితో మందు చిమ్మేది. గాలి బాగా కొడుతుంది కదా, ట్యాంకు కడిగి ఖాళీగా నడిపిద్దాం అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. దయచేసి చేయవద్దు. ఆ గొట్టం లోపల పట్టిన పురుగు మందు ఎన్నిసార్లు కడిగినా పోయిందన్న భరోసా లేదు. ఆ గాలి నేరుగా తేనె మీద, ఈగల మీద కొడతాం. ఈగలు చస్తే కళ్లకు కనబడుతుంది, తేనెలో కలిసింది కనబడదు. ఆ తేనె మన పిల్లలు తింటారు.

వాసన పలకల గురించీ అడుగుతుంటారు. నల్లరంగు వేసిన రేకు మూత లోపల మందమైన గుడ్డ బిగించి, దాని మీద ఈగలకు గిట్టని ద్రవం చల్లి గది మీద పెడితే, ఎండకు ఆవిరై ఈగల్ని నిమిషాల్లో కిందికి తరుముతుంది. ఒకప్పుడు ఇందుకు కార్బాలిక్ ఆమ్లం వాడారు, తేనెలో మిగులుతోందని మానేశారు. తర్వాత చేదుబాదం వాసనుండే బెంజాల్డిహైడ్ వచ్చింది. అది 26 డిగ్రీల లోపు వాతావరణానికి తగినది, మన పగటి వేడికి మోతాదు మించి ఈగలు మత్తెక్కి దిగలేని స్థితిలో పడతాయి. వేడికి పనిచేసే బ్యుటిరిక్ ఎన్‌హైడ్రైడ్ కంపు గురించి చెప్పాలంటే, మురిగిన వెన్న నయం. పలక ఇంట్లో చేసుకోవచ్చు, కష్టమేమీ లేదు. మీద చల్లేది మాత్రం ఇంట్లో దొరికేది కాకూడదు. ఫినాయిల్ చల్లిన గుడ్డ, కలరా ఉండలు, కర్పూరం, ఇలాంటివి ఈగల్ని తరుముతాయి, నిజమే. మైనం, తేనె రెండూ ఆ వాసనను పట్టుకుని వదలవు. ఏడాది కష్టాన్ని ఫినాయిల్ వాసనతో సీసాల్లో నింపుకున్నట్టవుతుంది.

మన పుట్ట ఈగలకు, ఒంటి గది పెట్టెలకు

పైన చెప్పినదంతా ఐరోపా జాతి ఈగల గురించి. అవి మన దేశంలో కుదురుకున్నది 1962లో, హిమాచల్ ప్రదేశ్ కాంగ్రా లోయలోని నగ్రోటా బగవాన్‌లో. అంతకు ముందు నుంచీ మన చెట్టు తొర్రల్లో, పుట్టల్లో ఉన్న దేశవాళీ ఈగ వేరు. 1910ల్లో న్యూటన్ అనే క్రైస్తవ గురువు దక్షిణాదిలో దీనికోసం చిన్న పెట్టె తయారుచేశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే వాడుతున్నాం. ఈ ఈగ ప్రొపోలిస్ తేదు, కాబట్టి జిగురు బాధ లేదు. కానీ బెదురు ఎక్కువ. ఎక్కువ కదిలిస్తే, దారులు మూసి తికమక పెడితే మొత్తం పెట్టె వదిలి లేచిపోతుంది. దాని సూపర్ చిన్నది, ఫ్రేములు చిన్నవి, పట్టు పెళుసు. గట్టిగా కుదిపితే పట్టు ఊడి చేతికొస్తుంది. కొంచెం పొగ పడితే చాలు, ఈగలు పట్టు మీద నుంచి వాటంతట అవే పక్కకు పరిగెత్తుతాయి. మిగిలినవాటిని పచ్చగడ్డితో మెల్లగా తుడిస్తే పని అయిపోతుంది. దానికి బోర్డు చేస్తానంటే నేను వద్దంటాను. సరదాకు చేసుకోవాలనుకుంటే మూల సందు 8 మిల్లీమీటర్లకు తగ్గించండి.

పెట్టెలు లారీలో వేసుకుని పంట వెంట తిరిగేవాళ్లలో చాలామంది ఒకే గది ఉంచుతారు, సూపర్ పెట్టరు. తేనె, పిల్లలు ఒకే ఫ్రేములో ఉంటాయి. అక్కడ బోర్డు పెట్టే చోటే లేదు. ఆ ఫ్రేమును తేనె తీసే యంత్రంలో తిప్పితే పిల్లలూ ఊడిపడి తేనెలో కలుస్తాయి. ఈగల్ని దించే పరికరం కోసం వెతికేవాళ్లు ఈ స్థితిలో ఉంటే, ఆ డబ్బు ముందు ఒక్కో పెట్టెకు ఒక్కో సూపర్ మీద పెట్టడం మంచిది.

ఇంటికి చేరాక మిగిలే ఈగలు

ఎంత బాగా దించినా ప్రతి గదితో పాటు పదో పరకో ఈగలు ఇంట్లోకి వస్తాయి. తేనె తీసే గదిలో అవి ట్యూబులైటు చుట్టూ తిరిగి, అలసి, తేనె బకెట్లో పడతాయి. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయముంది. ఒక కిటికీకి బయటివైపు జాలీ కొట్టండి. జాలీని కిటికీ పైఅంచు దాటించి గోడ మీదికి జానెడు ఎత్తు పోనిచ్చి, అక్కడ గోడకూ జాలీకీ మధ్య వేలు పట్టేంత సందు వదలండి. లోపలి ఈగ వెలుతురు కోసం కిటికీకి వచ్చి, జాలీ పట్టుకుని పైకి పాకుతూ పోయి, ఆ సందులోంచి బయటపడుతుంది. బయటి ఈగ తేనె వాసన వచ్చే కిటికీ మధ్యలోనే జాలీ మీద వాలి తిరుగుతుంటుంది, జానెడు పైనున్న సందు వైపు పోదు. బోర్డులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

మిగతా కిటికీలకు గోనెపట్టా వేలాడదీసి, గదిలో లైటు ఆపేయండి. పొద్దు వాలేలోపు ఇది చేయాలి, చీకటి పడితే అవి దారి వెతకవు, గోడకు అంటుకుని ఉండిపోతాయి. అలా మిగిలినవాటిని నేను గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, పొద్దున మళ్లీ పెట్టె ముందు వదులుతాను.